వారానికి పది మి.లీ.: నా వాటర్‌కూల్డ్ పీసీ డైరీ

మార్చి 9

రాత్రి పదకొండున్నరకి రెండర్ (కంప్యూటర్‌ని గంటలకొద్దీ వేడెక్కించే పని) పెట్టి లైటు ఆర్పబోతుంటే కేబినెట్‌లోంచి గుడగుడమని చప్పుడు. అయిపోవచ్చిన కొబ్బరిబోండాన్ని స్ట్రాతో పీలుస్తున్నట్టుంది. టార్చి వేసి చూస్తే రిజర్వాయర్‌లో, అంటే కంప్యూటర్‌ని చల్లబరిచే నీళ్లు నిలవుండే గొట్టంలో, నీళ్లు సగానికి తక్కువే ఉన్నాయి. మధ్యలో సుడి తిరుగుతోంది, ఆ సుడిలోంచి బుడగలు పంపులోకి పోతున్నాయి. జనవరి మొదట్లో నింపి మార్కర్‌తో గీత గీశాను. ఆ గీతకీ ఇప్పటి మట్టానికీ నాలుగు సెంటీమీటర్ల పైనే తేడా.

వెంటనే రెండర్ ఆపేశాను. ఇది డీ5 పంపు. దీని బేరింగుకి వేరే నూనె, గ్రీజు ఏమీ ఉండవు, అందులో తిరిగే నీళ్లే దానికి కందెన. గాలి మింగుతూ తిరిగితే ముందు పోయేది పంపే.

మెషీన్ సంగతి: రైజెన్ 9 5950ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, రెండింటికీ వాటి వేడిని నీళ్లలోకి లాగే వాటర్ బ్లాకులు. ఆ వేడిని ఫ్యాన్ల గాలికి వదలడానికి ముందువైపు ఒకటి, పైన ఒకటి 360 మి.మీ. రేడియేటర్లు. మెత్తటి ట్యూబులు, లోపల 10, బయట 13 మి.మీ. డిసెంబర్‌లో నేనే బిగించాను. మొత్తం సుమారు లీటరు ద్రవం పట్టింది. డిస్టిల్డ్ వాటర్‌లో రంగులేని కూలెంట్ కాన్సంట్రేట్ కలిపాను. రంగు వద్దనుకోవడం అప్పుడు తెలివైన పనే అనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు. రంగుంటే కారిన చోట మరకైనా కనపడేది.

మా అమ్మ దీన్ని అక్వేరియం అంటుంది. పొద్దున టీ ఇస్తూ, "నీళ్లు తగ్గాయేంట్రా, చేపలు గానీ తాగేశాయా?" అంది.

మార్చి 10

ఊరికే టార్చి పట్టుకుని వెతికితే రోజులు గడుస్తాయి తప్ప ఏమీ తేలదు. ముందు ఎంత పోతోందో తెలియాలి. రిజర్వాయర్‌కి నిలువుగా మాస్కింగ్ టేపు అంటించి, స్కేలు పెట్టి మిల్లీమీటరుకో గీత గీశాను. గొట్టం లోపలి వ్యాసం 50 మి.మీ. కాబట్టి అడ్డకోత దాదాపు 19.6 చదరపు సెంటీమీటర్లు. అంటే మట్టం ఒక మిల్లీమీటరు దిగితే దాదాపు 2 మి.లీ. పోయినట్టు.

సరిచూసుకుందామని మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి కొని, పాత గీత దాకా దాంతోనే నింపాను. 83 మి.లీ. పట్టింది. టేపు మీద 42 గీతలు. లెక్క కుదిరింది. తొమ్మిది వారాల్లో 83 అంటే వారానికి తొమ్మిది చిల్లర.

నియమం ఒకటే. రోజూ పొద్దున, పవర్ వేయకముందు, కుర్చీలో కూర్చుని కన్ను గీత ఎత్తులో పెట్టి చూడాలి. నీటి అంచు గొట్టానికి అంటుకుని కాస్త పైకి పాకుతుంది కాబట్టి మధ్యలో ఉన్న పల్లాన్నే చదవాలి.

మార్చి 12

నియమం పెట్టుకున్న మూడో రోజే తప్పాను. సాయంత్రం రెండర్ నడుస్తుండగా చూస్తే పొద్దుటి కంటే మట్టం రెండు మిల్లీమీటర్లు పైకి వచ్చింది! నీళ్లు పుట్టుకొస్తాయా? ఒక నిమిషం పాటు నా కళ్ల మీదే అనుమానం వచ్చింది.

తర్వాత వెలిగింది. పొద్దున ద్రవం 28 డిగ్రీలు, సాయంత్రం 43. అంత తేడాకి నీరు అర శాతం వ్యాకోచిస్తుంది. లీటరుకి 5 మి.లీ., అంటే టేపు మీద రెండున్నర గీతలు. వేడికి ట్యూబులూ కాస్త సాగుతాయి కాబట్టి అచ్చంగా అంతే రాదు. రాత్రిపూట వేడి మీద చూసి "పర్లేదు, తగ్గలేదు" అనుకుని జనవరి నుంచి ఎన్నిసార్లు మోసపోయానో.

మార్చి 17

వారం లెక్క: 5 మి.మీ. పది మి.లీ. అన్నమాట.

చిన్నదే అనిపిస్తుంది కానీ ఇది చాలా చెడ్డ అంకె. బాగా కారితే మడుగు కనపడుతుంది, అసలు కారకపోతే గొడవే లేదు. రోజుకి 1.4 మి.లీ. అంటే ఇరవై ఎనిమిది చుక్కలు, యాభై నిమిషాలకి ఒక్క చుక్క. హైదరాబాద్ మార్చి ఎండలో, లోపల తొమ్మిది ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ చుక్క తర్వాతి చుక్క వచ్చేలోపే ఆరిపోతుంది. నేను వేలు పెట్టి తడిమితే ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

అనుమానితులు ముగ్గురు. మొదటిది, లోపల ఇరుక్కున్న గాలి. కొత్తగా నింపిన లూప్‌లో, అంటే నీళ్లు తిరిగే ఈ దారి మొత్తంలో, రేడియేటర్ మూలల్లో ఉన్న గాలి మెల్లగా రిజర్వాయర్‌లోకి చేరుతుంది, ఆ జాగాలోకి నీళ్లు పోయి మట్టం దిగుతుంది. డిసెంబర్‌లో తగ్గింది అందుకే, జనవరిలో పోసిందీ అందుకే. రెండోది, ట్యూబు గోడలోంచి ఆవిరిగా బయటికి పోవడం. మెత్తటి ట్యూబులన్నింటికీ ఈ గుణం ఎంతో కొంత ఉంటుంది, సిలికాన్‌కి మరీ ఎక్కువ. మూడోది, ఎక్కడో లీకు. దాని పేరు రాయడానికే టెన్షన్.

మార్చి 18

మొదటి అనుమానితుణ్ణి వదిలేశాను. పంపు నడుస్తుండగా కేబినెట్‌ని ముందుకీ వెనక్కీ, ఈ పక్కకీ ఆ పక్కకీ వంచి పది నిమిషాలు ఊపాను. ఇరవై కిలోల డబ్బా. నడుము పట్టేసింది గానీ ఒక్క బుడగ రాలేదు.

మార్చి 19, ఉగాది

పచ్చడి తిని, పంచాంగ శ్రవణం టీవీలో అమ్మకి వదిలేసి ఇటొచ్చాను. కేబినెట్ పక్కనుండే గ్లాసు పలక ఊడదీసి, ట్యూబుల్ని బిగించే పద్నాలుగు ఫిట్టింగులకీ టిష్యూ పేపర్ ముక్కలు కంకణాల్లా చుట్టాను. అడుగున, పవర్ సప్లైని కప్పే రేకు మీద కూడా ఓ తెల్ల టిష్యూ పరిచాను. గ్లాసు తీసే ఉంచాను, మాటిమాటికీ చూడటానికి వీలుగా.

మార్చి 23

నాలుగు రోజులు. ఒక్క టిష్యూ తడవలేదు, ముడత కూడా పడలేదు. పైగా టేపు మీద మట్టం 19న ఎక్కడుందో అక్కడే ఉంది. వెనకటి లెక్క ప్రకారం మూడు మిల్లీమీటర్లు దిగాలి.

ఇక్కడ నేను రాసుకున్న వాక్యం యథాతథంగా: "బహుశా మొదటి వారం కొలతే తప్పేమో. ఇంకో వారం చూద్దాం." గ్లాసు బిగించేసి పనిలో పడ్డాను.

మార్చి 27

నాలుగు రోజుల్లో మళ్లీ 3 మి.మీ.

మా బావకి కారు ఏసీలు బాగుచేసే షాపు ఉంది. ఫోన్ చేశాను. "డై వేసి నీలం లైటు కొట్టి చూడరా, మేం చేసేది అదే" అన్నాడు. పద్ధతి మంచిదే. కానీ ఆ డై తర్వాత బ్లాకుల సన్న గాడుల్లోంచి కడగడం నా వల్ల కాదు. "పోనీ ఓ-రింగులన్నింటికీ కాస్త గ్రీజు రాసి బిగించు" అన్నాడు. ఇందులోనూ ఒక చిక్కుంది. వాటర్ ఫిట్టింగుల్లో నీళ్లు కారకుండా ఆపే ఈ రింగులకి ఎక్కువగా వాడేది ఈపీడీఎం అనే రబ్బరు. నీళ్లకీ గ్లైకాల్‌కీ అది రాయిలా నిలబడుతుంది కానీ పెట్రోలియం గ్రీజు, వాజెలిన్ తగిలితే ఉబ్బి పాడవుతుంది. రాస్తే సిలికాన్ గ్రీజే రాయాలి. బావకి చెబితే "నీ కంప్యూటర్ కంటే నా బెంజి నయం" అన్నాడు. ఆయనది మారుతి.

మార్చి 29

ఆదివారం మొత్తం దీనికే. నీళ్లన్నీ దించేసి గాలి పరీక్ష పెట్టాను. చిన్న చేతిపంపు, దానికో గేజ్. నింపే రంధ్రానికి బిగించి 0.5 బార్ పీడనం దాకా గాలి కొట్టి, ముల్లు కదులుతుందేమో చూడటమే. అంతకు మించి కొట్టకూడదు, యాక్రిలిక్ రిజర్వాయర్ తట్టుకోదు. కేబినెట్‌ని మంచం మీద పడుకోబెట్టి, గ్లాసు తీసేసి, గాలి కొట్టాను. 0.50.

చెమటలు కారుతుంటే ఏసీ వేసుకుని కూర్చున్నాను. అరగంటలో ముల్లు 0.47.

దొరికాడనుకున్నాను. రంధ్రాలకి బిరడాలు బిగిస్తూ లూప్‌ని రెండు ముక్కలు చేశాను. పైసగం 0.5కి కొట్టి ఉంచితే అదీ కాస్త దిగింది. కిందసగం, అదీ దిగింది. అంటే రెండు చోట్లా లీకా? గ్రాఫిక్స్ కార్డు బ్లాకు విప్పాల్సి వస్తుందేమోనని గుండె జారింది. ఈలోపు కరెంటు పోయింది. ఏసీ ఆగింది. చీకట్లో ఫోన్ వెలుతురులో గేజ్ చూస్తూ కూర్చుంటే ముల్లు మెల్లగా పైకి ఎక్కుతోంది.

లీకైన గాలి తిరిగి రాదు కదా. గది 34 నుంచి 27కి చల్లబడితే లోపలి గాలీ చల్లబడుతుంది. బయటి వాతావరణపు పీడనం కలుపుకుంటే లోపల ఉన్నది దాదాపు 1.45 బార్. ఏడు డిగ్రీలకి అందులో రెండు శాతం పైన తగ్గుతుంది, సుమారు 0.03. నా గేజ్ చూపించింది సరిగ్గా అంతే. ఇంటర్‌లో బట్టీ పట్టిన గ్యాస్ సూత్రం పదిహేనేళ్ల తర్వాత బెడ్‌రూంలో ఎదురైంది.

కరెంటు వచ్చాక ఏసీ జోలికి పోకుండా, లూప్ మళ్లీ కలిపి, రెండు గంటలు ఉంచాను. 0.50 దగ్గర ముల్లు చచ్చినట్టు నిలబడింది. చొక్కా పిండితే అరగ్లాసు కూలెంట్ వచ్చేలా ఉంది.

మార్చి 30

లూప్ బాగుంది, కానీ నీళ్లు పోతున్నాయి. ఇక మిగిలింది పై రేడియేటర్ అనిపించింది. కారణం ఉంది. డిసెంబర్‌లో ఫ్యాన్లు బిగించేటప్పుడు ఒక స్క్రూ చివర్లో గట్టిగా తగిలిన గుర్తు. 25 మి.మీ. ఫ్యాన్‌కి 30 మి.మీ. స్క్రూ సరిపోతుంది. ఇంకాస్త పొడవైతే కింద ఉన్న రేడియేటర్ ట్యూబుకి పొడుచుకుంటుంది. వేడికి మాత్రమే తెరుచుకునే సూదిబెజ్జం పడిందేమో.

రేడియేటర్ విప్పి, రెండు మూతలు బిగించి, గాలి కొట్టి, బాత్రూంలో టబ్బు నింపి ముంచాను. పది నిమిషాలు. ఫిన్నుల మధ్య అంటుకున్న గాలి మొదట్లో చిటపటమని వచ్చింది, తర్వాత ఏమీ లేదు. స్క్రూలు కొలిస్తే అన్నీ ముప్పైలే. దాన్ని ఆరబెట్టడానికి ఒక రోజు పట్టింది. 31న తిరిగి బిగించి, నీళ్లు పోయకుండా అలాగే వదిలేశాను. ఆఫీసు పని లాప్‌టాప్‌లో ఈడుస్తున్నాను.

ఏప్రిల్ 2

సాయంత్రం బండి వెనక టైరు గాలి దిగిపోయింది. వీధి చివర పంక్చర్ షాపు అన్న ట్యూబుని బొచ్చెలో ముంచి తిప్పాడు, ఏమీ రాలేదు. "అన్నా, నాదీ ఇదే కథ. ఇంట్లో ఓ డబ్బా ఉంది, ముంచినా బుడగ రాదు, నీళ్లేమో పోతున్నయ్" అన్నాను, కాలక్షేపానికి.

ఆయన తలెత్తకుండానే, "ఊకె ముంచితే దొరకదన్నా. గిట్ల వంచి సూడాలె. సన్న కోతైతే ఒంపు కాడనే నోరు తెరుస్తది" అని ట్యూబుని రెండు చేతులా పట్టి విరిచినట్టు వంచాడు. వాల్వుకి జానెడు దూరంలో సన్నటి బుడగల దారం లేచింది.

ఇంటికొచ్చేసరికి గ్లాసు సంగతి తట్టింది. డైరీ తిరగేశాను. మొదటి వారం గ్లాసు బిగించి ఉంది: 5 మి.మీ. టిష్యూల నాలుగు రోజులు గ్లాసు లేదు: సున్నా. 23 నుంచి 27 దాకా గ్లాసు ఉంది: 3 మి.మీ. గాలి పరీక్షప్పుడు గ్లాసు లేదు: ముల్లు కదల్లేదు. నా చేతిరాతతోనే ఉంది అంతా. పైగా సున్నా వచ్చిన చోట కొలతే తప్పని రాసుకున్నాను!

అన్నం తర్వాత పరీక్ష. 0.50కి గాలి కొట్టి, ఏసీ ఆపి, గ్లాసు లేకుండా పావుగంట: 0.50. గ్లాసు పెట్టి నాలుగు స్క్రూలూ బిగించాను. పది నిమిషాలకి 0.48. అరగంటకి 0.43. గ్లాసు తీశాను, ముల్లు ఉన్నచోటే ఆగింది. నమ్మకం కుదరక మూడుసార్లు చేశాను.

గ్లాసుకి తగులుతున్నది ఒక్క ట్యూబే. గ్రాఫిక్స్ కార్డు బ్లాకులోంచి బయటికొచ్చి ముందు రేడియేటర్‌కి పోయేది. అది పక్కకి కాస్త బొజ్జలా ఉబ్బి ఉంటుంది. డిసెంబర్‌లో గ్లాసు మూసేటప్పుడు చివర్లో అరచేత్తో నొక్కి స్క్రూ తిప్పిన సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ నొక్కుడంతా ట్యూబు మొదట్లో ఉన్న ఫిట్టింగు మీద పడుతోంది. అది 90 డిగ్రీల మోచేయి, ఎటు కావాలంటే అటు తిరిగే రకం. తిరిగే మెడ లోపల ఇంకో ఓ-రింగు ఉంటుంది. పక్క నుంచి నెడితే మెడ వెంట్రుకవాసి ఒరిగి, ఆ రింగు ఒకవైపు నలిగి, రెండోవైపు వదులవుతుంది.

గిన్నెలో షాంపూ నీళ్లు కలిపి, పెయింటు బ్రష్‌తో మెడ చుట్టూ రాసి, గ్లాసు నొక్కే చోటే బొటనవేలితో ట్యూబుని నొక్కాను. మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత మెడ అడుగున, బయటికి కనపడని వైపు, ఆవగింజంత తెల్ల బుడగ. పక్కన ఇంకోటి. చూస్తుండగానే చీమగుడ్లు పేర్చినట్టు నాలుగైదు వరసగా. వేలు తీస్తే ఆగింది. నొక్కితే మళ్లీ. అమ్మని పిలిచి చూపించాను. "దీనికోసమా ఇరవై రోజులు?" అంది.

తుడిచి, టార్చి వేసి దగ్గరగా చూస్తే మెడ చుట్టూ గోటితో గీకితే రాలే సన్నటి తెల్లటి గీత ఉంది. చూశాను దాన్ని ఇంతకుముందు, దుమ్మనుకున్నాను. కాన్సంట్రేట్‌లోని లవణాలు ఆరి మిగిలిన పొర అది. దాని కిందుగా పవర్ సప్లైని కప్పే రేకు మీద, గాలి రంధ్రాల వరసకి రెండు వేళ్ల దూరంలో, పావలా బిళ్లంత మసక మచ్చ. రెండు వేళ్లు అటు పడి ఉంటే చుక్కలు నేరుగా పవర్ సప్లైలోకే. శుద్ధమైన నీళ్లకి కరెంటు పెద్దగా పాకదంటారు గానీ, మూడు నెలలు రాగి బ్లాకుల్లో తిరిగిన నీళ్లు శుద్ధమైనవేం కావు.

ఏప్రిల్ 5

ఆ ఫిట్టింగుని రిపేరు చేయలేదు. లోపలి రింగు మార్చాలంటే మెడ విప్పాలి, అది విప్పడానికి చేసింది కాదు. కొత్త మోచేయి వేసినా అదే ఒత్తిడి దానిమీదా పడుతుంది. దారే మార్చాను. గ్రాఫిక్స్ బ్లాకుకి పైనా కిందా రెండువైపులా రంధ్రాలుంటాయి. పైదానికి బిరడా బిగించి, కింది రంధ్రానికి మామూలు తిన్నటి ఫిట్టింగు పెట్టాను. దాన్ని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి తెచ్చాను. ట్యూబు ఇప్పుడు కిందికి దిగి, వెడల్పుగా వంపు తిరిగి రేడియేటర్‌కి పోతోంది. గ్లాసుకీ దానికీ మధ్య నా చూపుడువేలు ఈజీగా దూరుతుంది. మునుపటంత అందంగా లేదు, ఒప్పుకుంటాను.

అంచనాగా కోసిన మొదటి ముక్క రెండు సెంటీమీటర్లు పొట్టి అయింది. ఫిట్టింగుని లాగే పొట్టి ట్యూబు కూడా గ్లాసు చేసిన పనే చేస్తుంది. పారేసి ఇంకోటి కోశాను.

గాలి పరీక్ష, గ్లాసు బిగించి, ఏసీ ఆపి, మూడు గంటలు: 0.50.

నింపడానికి మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డుల కరెంటు వైర్లన్నీ పీకి, పంపుకి మాత్రమే ఉంచాను. పవర్ సప్లై స్విచ్ ఆపి, 24 పిన్నుల ప్లగ్గులో ఆకుపచ్చ తీగనీ పక్క నల్లదాన్నీ పేపర్ క్లిప్పుతో కలిపి మళ్లీ స్విచ్ వేస్తే బోర్డు లేకుండానే నడుస్తుంది. నా కేబుల్లో అన్ని తీగలూ నల్లవే. అందుకని 16, 17 పిన్నులు లెక్కపెట్టి, రెండోసారీ లెక్కపెట్టి గుచ్చాను. రాత్రంతా పంపు ఒక్కటే తిరిగింది. బ్యాటరీ షాపులో తెచ్చిన డిస్టిల్డ్ వాటరే పోశాను. అమ్మ వంటింటి ఫిల్టర్ నీళ్లు బిందెతో తెచ్చి ఇవ్వబోయింది, వద్దన్నాను.

ఏప్రిల్ 20

రెండు వారాలు, గ్లాసు బిగించే ఉంది. మొదటి మూడు రోజుల్లో 3 మి.మీ. దిగింది, ఇది గాలి బయటికి రావడం. బుడగలు కళ్లారా చూశాను. దాని తర్వాత పదకొండు రోజుల్లో అర మిల్లీమీటరు కూడా కాదు. ఈ మిగిలింది రెండో అనుమానితుడి వాటా అనుకుంటున్నాను, ట్యూబు గోడ తాగేది.

ఏప్రిల్ 30

రాత్రి తొమ్మిది గంటల రెండర్. గది 36, ద్రవం 46. పొద్దున చల్లారాక టేపు చూశాను: గాలంతా బయటికొచ్చాక ఉన్న మట్టానికి ఒక మిల్లీమీటరు కింద. రేకు మీద కొత్త టిష్యూ తెల్లగానే ఉంది. టేపు పీకేద్దామని అంచు పట్టుకుని, మళ్లీ అదిమేశాను. మే నెల ఇంకా మిగిలుంది.